నాలుగోసారి బరువు తగ్గాలని వచ్చిన ఒకావిడ: కేస్ స్టడీ

ఈ కేసులో వింతేమీ లేదు, అందుకే రాస్తున్నాను. నా దగ్గరికి వచ్చే నడివయసు వాళ్లలో చాలామందిది కాస్త అటూ ఇటూగా ఇదే కథ. నేను ఫిజియోథెరపిస్టుని. మోకాళ్లు, నడుములు చూడటంతో మొదలుపెట్టాను. ఇప్పుడు ఎక్కువగా నలభై దాటినవాళ్లకు వ్యాయామం నేర్పుతున్నాను. ఆవిడ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను.

వయసు 49. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 78.4 కిలోలు. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. కుడి మోకాలు నొప్పి, మెట్లు దిగేటప్పుడు ఇంకా ఎక్కువ. ఫైల్లో రాసుకున్న సమస్య మోకాలే. కానీ ఆవిడ అడిగింది వేరు: "నన్ను అరవై కిలోలకు దింపండి, మోకాలు అదే సర్దుకుంటుంది."

అంతకుముందు మూడుసార్లు తగ్గారు. 38 ఏళ్లప్పుడు నాలుగు నెలల్లో 9 కిలోలు తగ్గితే, ఏడాదిన్నరలో అవన్నీ తిరిగొచ్చాయి. 43లో రోజుకు 900 కేలరీల డైట్, దానికి తోడు గంట నడక. అప్పుడు 11 కిలోలు తగ్గి రెండేళ్లలో 13 పెరిగారు. 46లో భోజనం బదులు షేకులు తాగే ప్రోగ్రామ్‌లో చేరితే 6 కిలోలు పోయాయి, అవి రావడానికి ఏడాది కూడా పట్టలేదు. మూడుసార్లలో ఒక్కసారి కూడా బరువులతో వ్యాయామం లేదు. ప్రొటీన్ ఎంత తినాలో చెప్పినవాళ్లూ లేరు. "నా మెటబాలిజం చచ్చిపోయిందండీ" అన్నారు, పరీక్ష రిపోర్టు చూసి చెప్తున్నంత ధీమాగా.

ఒళ్లు శక్తి ఖర్చు చేయడం మానేసిందని దాని అర్థం. ఈ మాట వారానికి ఒకరైనా అంటారు. 2021లో 'సైన్స్' అనే పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనంలో 29 దేశాలకు చెందిన 6,400 మందికి పైగా జనం రోజుకు ఎంత శక్తి ఖర్చు చేస్తారో కొలిచారు. శరీర పరిమాణం, కొవ్వు, కండ లెక్కలోకి తీసుకుంటే 20 ఏళ్ల నుంచి 60 ఏళ్ల దాకా ఆ ఖర్చు దాదాపు ఒకేలా ఉంది. తగ్గుదల కనిపించింది అరవై తర్వాతే. ఇది చెబితే చాలామందికి ఊరట కలగదు, కోపం వస్తుంది. ఈవిడకూ వచ్చింది. "మరి నేనెందుకు ఇలా ఉన్నాను?" అన్నారు.

దానికి నా దగ్గర ఒక అనుమానం ఉంది. తిండి మాత్రమే తగ్గించి బరువు తగ్గితే, పోయినదాంట్లో సుమారు పావు వంతు కొవ్వు కాదు, కండతో కూడిన మిగతా భాగం. మళ్లీ పెరిగేటప్పుడు, అందులోనూ కుర్చీలో కూర్చునే మనిషికి, వచ్చేది ఎక్కువగా కొవ్వే. దీనికి వయసు తోడవుతుంది. ముప్పై దాటాక కండ పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా తరిగిపోతుందని అంచనా. మూడు డైట్లూ మూడుసార్లు కండను తీసుకుపోయి, కొవ్వును తెచ్చి పెట్టి ఉండాలి. తూకంలో అదే అంకె కనిపించినా ఒళ్లు అదే ఒళ్లు కాదు.

పరీక్షల్లో తేలినవి

పొట్ట చుట్టుకొలత 101 సెంటీమీటర్లు. ఎత్తులో సగం కంటే తక్కువ ఉండాలన్నది సులువైన కొలమానం, అంటే ఈవిడకు 79 లోపు. బీపీ 138/86. హెచ్‌బీఏ1సీ 6.2, ఇది గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష. 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్, అంటే షుగర్ వ్యాధికి ముందు దశ కిందికి వస్తుంది. థైరాయిడ్ మామూలుగానే ఉంది. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక సమస్యల మందులు, కొన్ని షుగర్ మందులు బరువు పెంచుతాయి, అవేవీ వాడటం లేదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ బాగుంది. ప్రొటీన్ పెంచబోయే ముందు అది చూసుకోవడం నా అలవాటు. ఛాతీనొప్పి, కళ్లు తిరగడం లాంటివి లేవు, ఫిజీషియన్ వ్యాయామానికి సరేనన్నారు. ఎక్స్‌రేలో మోకాలి కీలు కొద్దిగా అరిగింది, అంతే.

కొవ్వు, కండ, ఎముక విడివిడిగా కొలిచే డెక్సా స్కాన్‌లో కొవ్వు 35.1 కిలోలు, అంటే 44.8 శాతం. ఎముకతో సహా మిగతాదంతా 43.3 కిలోలు. వెన్నెముక టీ స్కోరు మైనస్ 1.3 వచ్చింది. ఎముకలు కాస్త పలచబడటం మొదలైందన్నమాట. దీని గురించి ఆవిడకు ఎవరూ చెప్పలేదు, ఆవిడ కూడా అడగలేదు. మెనోపాజ్ దగ్గరపడుతున్న వయసులో ఈస్ట్రోజెన్ పడిపోతుంటే ఎముక వేగంగా తరుగుతుంది, కొవ్వు తొడల నుంచి పొట్ట వైపు మళ్లుతుంది. ఈవిడకు ఏడాదిగా నెలసరి గాడి తప్పింది. రాత్రిళ్లు ఒంట్లోంచి ఆవిర్లు వచ్చి మెలకువ వస్తోంది.

నన్ను ఆపేసింది మాత్రం కుర్చీ పరీక్ష. చేతులు ఛాతీమీద కట్టుకుని, 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి నిలబడతారో లెక్కపెట్టడం. ఈవిడ 9 సార్లు లేచారు. ఇదే పరీక్షలో 60 నుంచి 64 ఏళ్ల మహిళలకు మామూలుగా వచ్చేది 12 నుంచి 17. నలభై తొమ్మిదేళ్ల మనిషి కాళ్లు అరవై దాటినవాళ్ల కాళ్లకంటే బలహీనంగా ఉన్నాయి. చేతి పట్టు 19 కిలోలు. కండ క్షీణతకు మహిళల్లో యూరప్ నిపుణులు పెట్టిన గీత 16. దానికి పైనే ఉన్నారు గానీ, ఈ వయసుకు అది చాలా తక్కువ.

బరువు సంగతి ముందు వద్దన్నాను

మొదటి ఎనిమిది వారాలు తిండి తగ్గించవద్దని చెప్పాను. తూకం నెలకోసారి, అదీ నా దగ్గరే. వారానికి రెండు రోజులు బరువులతో వ్యాయామం, ప్రొటీన్ పెంచడం, భోజనం తర్వాత పది నిమిషాల నడక. ఈ మూడే.

"నేను బరువు తగ్గడానికి వచ్చానండీ, బరువులు ఎత్తడానికి కాదు."

ఆవిడ కోపంలో న్యాయం ఉంది. డబ్బు కట్టి వచ్చిన మనిషికి ముందు ఆవిడ అడగనిది ఇస్తున్నాను. కుర్చీ పరీక్ష అంకె చూపించి, ఈ కాళ్లతో నాలుగోసారి డైట్ చేస్తే పోయేది మళ్లీ ఈ కాళ్లేనని చెప్పాను. రెండు నెలలు సమయం ఇవ్వండి, నచ్చకపోతే మీ పద్ధతిలోనే చేద్దాం అన్నాను. ఒప్పుకున్నారు, అయిష్టంగానే. అందరితోనూ ఇదే వరస పాటించను. బీపీ, షుగర్ చాలా ఎక్కువున్నవాళ్లకు, డాక్టరు వెంటనే బరువు తగ్గాలన్నవాళ్లకు రెండూ కలిపే మొదలుపెడతాను. ఈవిడకు తొందర లేదు. తొందరపడిన చరిత్ర మాత్రం ఉంది.

మొదటి రోజు చేయించింది లేచి కూర్చోవడమే. మామూలు కుర్చీ ఎత్తులో కుడి మోకాలు లోపలికి పడిపోతోంది, చేతులు తెలియకుండానే తొడలమీదికి పోతున్నాయి, లేచే ప్రతిసారీ ఊపిరి బిగబడుతున్నారు. కుర్చీ మీద రెండు మ్యాట్లు మడిచి వేసి ఎత్తు పెంచాం. పాదాలు భుజాలంత వెడల్పుగా పెట్టించి, మోకాళ్లు రెండో కాలివేలి మీదుగా పోయేలా చూసుకోమన్నాను. తొడల చుట్టూ రబ్బరు బ్యాండ్ కట్టాను, దాన్ని బయటికి నెడుతూ లేవాలి. లేచేటప్పుడు గట్టిగా ఊపిరి వదలాలి. దిగేటప్పుడు మూడు లెక్కపెడుతూ మెల్లగా దిగాలి, ఆఖర్న ధబ్‌మని కూలబడకూడదు. ఎనిమిదిసార్లు, కాసేపు ఆగి మళ్లీ ఎనిమిది. ప్రతి సెట్ చివర ఒకటే అడుగుతాను: "ఇదే తీరులో ఇంకా ఎన్ని చేయగలరు?" ఆరు అంటే చాలా తేలిక. ఒక్కటీ చేయలేను అంటే ఎక్కువైంది. రెండు మూడు అంటే సరిగ్గా ఉంది. ఆరోజు "ఇంకో రెండు" అన్నారు. తర్వాత రెండో మ్యాట్ తీసేశాం, ఆపైన మొదటిది. ఆ తర్వాత ఛాతీ దగ్గర 4 కిలోల డంబెల్ పట్టుకున్నారు.

దీంతోపాటు గోడకు పుషప్, రబ్బరు బ్యాండ్ లాగడం, నేలమీది బరువును నడుము వంచకుండా తుంటి దగ్గర వంగి ఎత్తడం. మొత్తం నలభై నిమిషాలు. మోకాలి వల్ల వేగంగా నడవడం బదులు మొదట్లో ఒకేచోట నిలిచి ఉండే వ్యాయామ సైకిల్ తొక్కించాను. తొక్కుతూ మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. అంతకుమించిన లెక్క అవసరం లేదు.

ప్రొటీన్ సంగతికొస్తే, ఒక సెలవు రోజు కలిపి మూడు రోజులు తిన్నదంతా రాయమన్నాను. సగటు రోజుకు 47 గ్రాములు. అందులో ఎక్కువ భాగం రాత్రి భోజనంలోనే, పొద్దున దాదాపు సున్నా. కిలో బరువుకు 0.8 గ్రాములన్నది మామూలు మనిషికి లోపం రాకుండా చూసే కనీసపు అంకె. కండ కాపాడుకోవాల్సిన వయసుకు, పైగా వ్యాయామం చేసేవాళ్లకు అది చాలదు. 80 నుంచి 85 గ్రాములు లక్ష్యంగా పెట్టి పూటకు 25కు తగ్గకుండా పంచాం. గుడ్లు, పెరుగు, పప్పులు, చేపలు, ఏది ఇష్టమైతే అది. పొడి డబ్బా కొనాలా అని అడిగారు. తిండితో సరిపోతుంటే ఎందుకు?

ఎనిమిది వారాలకు తూకం 78.1. ఆవిడ ముఖం మాడిపోయింది. పొట్ట 98.5కి వచ్చింది, కుర్చీ పరీక్షలో 13 సార్లు లేచారు. అవి చూపిస్తే తలాడించారు గానీ మనసు కుదుటపడలేదు. పడింది తర్వాతి వారంలో. మూడో అంతస్తు నుంచి మెట్లు దిగి కింద నిలబడ్డాక గుర్తొచ్చిందట, రెయిలింగ్ పట్టుకోలేదని. ఆ తర్వాత బరువులెందుకని మళ్లీ అడగలేదు.

తిండి, నిద్ర

మూడో నెల నుంచి రోజుకు సుమారు 400 కేలరీలు తగ్గించాం. ఎక్కడ తగ్గించాలో డైరీలో నేరుగా దొరకలేదు, ఎందుకంటే రాసిన భోజనాలన్నీ పద్ధతిగానే ఉన్నాయి. ఏం చేసినా బరువు తగ్గడం లేదనేవాళ్ల మీద 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. వాళ్లు తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పారు. అబద్ధాలాడి కాదు, నిజంగా గుర్తుండక. అందుకని "ఏం తిన్నారు" అని అడగడం మానేసి, "ఇంటికొచ్చినప్పటి నుంచి భోజనం దాకా ఏం చేస్తారు" అని అడిగాను. గంటన్నర వంటింట్లో, నిలబడే. రుచి చూడటం, మిగిలింది పారేయలేక నోట్లో వేసుకోవడం, ఒక కప్పు తీపి టీ, దానికి తోడు ఏదో ఒకటి. ఇవేవీ ఆవిడ దృష్టిలో తినడం కాదు. ఆఫీసు నుంచి బయల్దేరే ముందే కాస్త ప్రొటీన్ ఉన్న చిరుతిండి తినమన్నాను, ఇంట్లో కూర్చోకుండా ఏదీ తినకూడదన్నాను. తగ్గించాల్సిన 400లో ఎక్కువ భాగం అక్కడే పోయింది. ఇష్టమైనదేదీ మానమనలేదు.

నిద్ర దగ్గర మాత్రం నా చేతిలో ఏమీ లేదు. పదకొండుకు పడుకుంటే రెండింటికి చెమటతో లేస్తారు, నాలుగింటికి మళ్లీ. మొత్తం ఐదు గంటలు కూడా లేదు. నిద్ర తక్కువైతే ఆకలి పెరుగుతుందని అందరికీ తెలుసు. నేను భయపడేది ఇంకో దానికి. 2010లో ఒక చిన్న ప్రయోగంలో పది మందిని రెండు వారాలపాటు ఒకే తగ్గింపు డైట్ మీద ఉంచి, ఒక విడత రోజుకు ఎనిమిదిన్నర గంటలు, మరో విడత ఐదున్నర గంటలు పడుకోనిచ్చారు. రెండు విడతల్లోనూ తగ్గిన కిలోలు దాదాపు సమానమే. కానీ నిద్ర తక్కువైన విడతలో అందులో కొవ్వు వాటా 55 శాతం తక్కువ. అంటే పోయింది కండ వైపు నుంచి. పది మందే, రెండు వారాలే. పెద్ద తీర్పులివ్వడానికి అది చాలదు. కానీ ఈవిడ విషయంలో నేను కాపాడాలనుకున్నది సరిగ్గా దాన్నే.

గైనకాలజిస్టు దగ్గరికి పంపాను. అన్నీ చూసి ఆ డాక్టరు హార్మోన్ చికిత్స మొదలుపెట్టారు. ఆవిర్లు కొద్ది వారాల్లో బాగా తగ్గాయి, నిద్ర ఆరున్నర గంటల దాకా వచ్చింది. హార్మోన్ చికిత్స బరువు తగ్గించే మందు కాదు, అందరికీ పనికిరాదు కూడా. నాకు కావలసింది ఆవిడ పడుకోవడం.

నెలకు కిలో చొప్పున దిగుతూ వచ్చిన తూకం ఏడో నెలలో 73.5 దగ్గర ఆగి, ఏడు వారాలు కదల్లేదు. పాత అలవాటు లేచింది: "రాత్రి భోజనం మానేస్తాను." ఆగమన్నాను. ఫోన్‌లో అడుగుల లెక్క తీసి చూశాం. మూడు నెలల కింద రోజుకు 7,800, ఇప్పుడు 5,200. ఆవిడకు తెలియనే తెలియదు. తిండి తగ్గినప్పుడు శరీరం ఇలాగే పొదుపు చేస్తుంది. లేచి వెళ్లాల్సిన పనికి ఎవరినో పిలుస్తాం, నిలబడి మాట్లాడేది కూర్చుని మాట్లాడతాం. వ్యాయామం కాని ఈ కదలికల ఖర్చు మనిషికీ మనిషికీ ఎంత తేడా ఉంటుందో 1999లో పరిశోధకుడు జేమ్స్ లెవీన్ బృందం చూపించింది. పదహారు మందికి ఎనిమిది వారాలు రోజూ 1,000 కేలరీలు అదనంగా పెడితే, ఒకరిలో ఆ ఖర్చు రోజుకు 692 కేలరీలు పెరిగింది, మరొకరిలో 98 తగ్గింది. మేం ఒక్క కేలరీ కూడా తగ్గించలేదు. ఫోన్ మాట్లాడేటప్పుడు నడవడం, మధ్యాహ్నం పదిహేను నిమిషాలు బయటికెళ్లడం, అంతే. మూడు వారాల్లో తూకం కదిలింది.

ఈ ఆగిపోయిన రోజుల్లోనే బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి అడిగారు. వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్ మీద నాకు వ్యతిరేకత లేదు. 2021లో వచ్చిన ట్రయల్‌లో 68 వారాలకు సగటున 14.9 శాతం బరువు తగ్గింది, మందులేని గుంపులో 2.4. నేను చేయించే వ్యాయామం ఏదీ ఆ అంకెకు చేరదు. కానీ ఆపేసిన ఏడాదికి తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. తగ్గినదాంట్లో కొవ్వు కానిది కూడా తక్కువేం లేదు. వాడాలా వద్దా అన్నది డాక్టరుతో తేల్చుకోవాల్సిన విషయం. వాడితే బరువులతో వ్యాయామం ఇంకా గట్టిగా చేయాలి, అది నా మాట. డాక్టరుతో మాట్లాడి, ప్రస్తుతానికి వద్దనుకున్నారు.

పదో నెలలో జ్వరం, ఆ వెంటనే ఇంట్లో ఒకరికి ఆపరేషన్. ఐదు వారాలు ఏమీ చేయలేదు. తిరిగొచ్చిన రోజు "అంతా పోయింది" అన్నారు. బరువు కిలో కూడా పెరగలేదు, ఎత్తే బరువులు మాత్రం తగ్గాయి. ఒకసారి సంపాదించిన బలం రెండోసారి త్వరగా వస్తుంది. మూడు వారాల్లో పాత చోటికే వచ్చారు.

పద్నాలుగో నెల

బరువు 71.2. అంటే 7.2 కిలోలు, మొదటి బరువులో 9 శాతం. డెక్సాలో కొవ్వు 28.3, మిగతాది 42.9. పోయిన 7.2 కిలోల్లో 6.8 కొవ్వే. మిగిలిన 0.4 తేడాను నేను లెక్కలోకి తీసుకోను, ఒంట్లో నీరు అటూ ఇటూ అయినా అంత తేడా వస్తుంది. (ఇంట్లో నిలబడితే కొవ్వు శాతం చెప్పే తూకాలు పొద్దునొక మాట, సాయంత్రం ఒక మాట చెప్తాయి. ఆవిడ దగ్గరా ఒకటుంది, బ్యాటరీ తీసేశారు.) పొట్ట 90. కుర్చీ పరీక్షలో 17 సార్లు. చేతి పట్టు 25 కిలోలు. ఛాతీ దగ్గర 16 కిలోలు పట్టుకుని గుంజీలు, నేలమీది నుంచి 40 కిలోలు ఎత్తడం. బీపీ 126/80, హెచ్‌బీఏ1సీ 5.7.

మోకాలు మెట్లు దిగేటప్పుడు నొప్పి పెట్టడం లేదు, ఎక్కువసేపు నేలమీద కూర్చుంటే మాత్రం పట్టేస్తుంది. శరీర బరువు ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద భారం నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో కీళ్ల అరుగుదల ఉన్నవాళ్ల మీద జరిగిన పరిశోధనలో తేలింది. తొడ కండ పెరగడమూ సాయపడి ఉంటుంది. ఏది ఎంత అని విడదీయలేను. అసలు ఈ కేసులో ఏదీ విడదీయలేను. నిద్ర, హార్మోన్, ప్రొటీన్, బరువులు, అడుగులు అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి, ఉన్నది ఒక్క మనిషి. ముందు బలం, తర్వాత తిండి అన్న వరస వల్లే ఇలా జరిగిందని నిరూపించలేను. అయితే ఆ మొదటి ఎనిమిది వారాలు లేకపోతే ఆవిడ ఏడో నెలలో రాత్రి భోజనం మానేసి ఉండేవారని నా నమ్మకం.

అరవై కిలోలు రాలేదు. బహుశా రావు కూడా. ఆవిడ ఆ మాట ఇంకా అంటూనే ఉంటారు, నేను వాదించడం లేదు. ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్ల మీద అమెరికాలో జరిగి 2002లో ఫలితాలు వచ్చిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో పెట్టుకున్న లక్ష్యం 7 శాతం బరువు, వారానికి 150 నిమిషాల శ్రమ. దాంతోనే షుగర్ వ్యాధి బారిన పడటం 58 శాతం తగ్గింది, షుగర్ మందు మెట్‌ఫార్మిన్‌తో 31. ఈవిడ ఆ 7 దాటారు. పొట్ట ఇంకా 79కి దూరంలోనే ఉంది, హెచ్‌బీఏ1సీ గీత మీదే ఉంది. ఆరు నెలలకోసారి చూడాలి.

ఇప్పుడు వారానికి రెండు రోజులు తనే చేసుకుంటారు, నెలకోసారి నా దగ్గరికి వస్తారు. తిండి తగ్గించడం ప్రస్తుతానికి ఆపాం. ఆరు నెలలు ఇదే బరువు నిలబెట్టడం తర్వాతి పని, మూడు డైట్లలో ఎప్పుడూ చేయనిది అదే. ఎడమ భుజం ఈమధ్య బిగుసుకుంటోంది, నడివయసులో తరచూ కనిపించేదే. తలమీదికి బరువు ఎత్తడం ఆపి భుజం ఎత్తులో లాగడాలకు మార్చాను. వెన్నెముక డెక్సా వచ్చే ఏడాది మళ్లీ తీయించాలి.